ఫార్మ్‌విల్ బడిలో ఎవరి కథ?

అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు దక్షిణ భాగం పొగాకు పండే నేల. అక్కడ ప్రిన్స్ ఎడ్వర్డ్ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే, కాకపోతే బాగా చిన్నది. దాని ముఖ్యపట్టణం ఫార్మ్‌విల్. ఆ ఊళ్ళో మెయిన్ స్ట్రీట్ మీద ఎర్ర ఇటుకలతో కట్టిన ఒంటి అంతస్తు బడి. మధ్యలో పెద్ద హాలు, చుట్టూ తరగతి గదులు. 1939లో నల్లజాతి పిల్లల కోసం కట్టిన రాబర్ట్ రస్సా మోటన్ హైస్కూలు అది. బాగుచేసి 2001లో మ్యూజియం చేశారు. 2013 నుంచి శాశ్వత ప్రదర్శన నడుస్తోంది.

స్థానిక చరిత్ర మ్యూజియాలంటే నాకు కొంచెం భయం. ఊరి పెద్దల ఫోటోలు, వాళ్ళ గడియారాలు, కళ్ళజోళ్ళు, కుర్చీలు. ఆ కుర్చీలు తుడిచినవాళ్ళ ఊసుండదు. మోటన్ మ్యూజియం అలాంటిది కాదు. దాచుకోవడానికి ఇక్కడ వస్తువులు పెద్దగా మిగల్లేదు కూడా. ఇక్కడ ప్రదర్శన వస్తువు ఆ భవనమే, అందులో జరిగిన సంఘటనే. అందుకే దీన్ని ఒక రచనని చదివినట్టే చదవాలనిపించింది. ఎవరు చెబుతున్నారు, ఎక్కడ మొదలుపెడుతున్నారు, వాక్యంలో కర్త ఎవరు, ఎవరు విశేషణంగా మిగిలిపోతున్నారు అని.

ముందు కథ చెప్పాలి. మన పాఠకుల్లో చాలామందికి రోజా పార్క్స్ తెలుసు, మార్టిన్ లూథర్ కింగ్ తెలుసు. బార్బరా జాన్స్ తెలియకపోవచ్చు.

180 మంది కోసం కట్టిన ఈ బడిలో పదేళ్ళు తిరిగేసరికి 450 మందికి పైగా పిల్లలు చేరారు. కొత్త భవనం కట్టమంటే కౌంటీ వాళ్ళు కట్టలేదు. పక్కన చెక్క షెడ్లు వేసి, వాటికి తారు కాగితం చుట్టారు. వాన పడితే కారేవి. చలికాలం పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లకి ఒళ్ళు కాలేది, దూరంగా కూర్చున్న పిల్ల కోటు విప్పేది కాదు. దారిన పోయేవాళ్ళు కోళ్ళగూళ్ళు అనుకునేవారట. అదే ఊళ్ళో తెల్లపిల్లల హైస్కూలుకి జిమ్ ఉంది, భోజనశాల ఉంది, పిల్లలకి ఒంట్లో బాగులేకపోతే పడుకోబెట్టడానికి గది కూడా ఉంది. మోటన్ బడికి ఇవేవీ లేవు.

1951 ఏప్రిల్ 23న ప్రిన్సిపాల్‌కి ఒక ఫోన్ వచ్చింది. మీ పిల్లలు కొందరు ఊళ్ళో బస్ స్టేషన్ దగ్గర చిక్కుల్లో పడ్డారని. ఆయన పరుగెత్తాడు. ఈలోగా ప్రతి తరగతికీ ఒక చీటీ వెళ్ళింది, అందరూ హాలుకి రమ్మని. చీటీ కింద ప్రిన్సిపాల్ జోన్స్ పెట్టే 'జె' అనే పొడి అక్షరం. హాల్లో తెర తొలిగితే వేదిక మీద ప్రిన్సిపాల్ లేడు. పదహారేళ్ళ బార్బరా రోజ్ జాన్స్ ఉంది. టీచర్లని బయటికి వెళ్ళమంది. చెప్పు తీసి బెంచీ మీద బాదింది. తర్వాత మాట్లాడింది. పిల్లలంతా సమ్మెకి దిగారు. రెండు వారాలు నడిచింది ఆ సమ్మె. వాళ్ళు మొదట అడిగింది మంచి బడి మాత్రమే. నల్లవాళ్ళ హక్కుల కోసం పనిచేసే ఎన్.ఎ.ఎ.సి.పి. లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ వచ్చి, వేరు బడి బాగుచేయమని మేం దావా వెయ్యం, వేరు బడులే వద్దని అడిగితే వేస్తాం అన్నారు. పిల్లలూ తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. మే 23న 117 మంది విద్యార్థుల తరపున కేసు వేశారు. 1954లో బడుల్లో జాతి వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో కలిసిన 5 కేసుల్లో ఇదొకటి. విద్యార్థులే మొదలుపెట్టింది ఇదొక్కటే. ఆ 5 కేసుల వాదుల్లో నాలుగింట మూడొంతుల మంది ఈ చిన్న బడి పిల్లలే.

మ్యూజియంలో తొలి గ్యాలరీ ఆ హాలే. ఆనాటి సమ్మెని చిత్రంగా చూపిస్తారు. ఆ వేదిక ఎదురుగా కూర్చుని ఆ చిత్రం చూడటం మామూలు అనుభవం కాదు. నాటకీయత ఆ సంఘటనలోనే ఉంది. తెర, చీటీ, చెప్పు. ఏ కథకుడైనా దీన్నే మొదటి దృశ్యం చేస్తాడు. నా పేచీ కూడా అక్కడే. వేదికతో మొదలుపెట్టగానే కథ వీరగాథ అయిపోతుంది. ఒక ధైర్యవంతురాలు, ఒక ఉపన్యాసం, ఒక గెలుపు. మిగిలినవన్నీ ఆ వెలుగులో వెనక్కి జరుగుతాయి.

నేను ఆత్మకథల మీద పనిచేసినదాన్ని. కాబట్టి నాకు వేదిక కన్నా బార్బరా చేత్తో రాసుకున్న జ్ఞాపకాలు ముఖ్యం. ఆమె బతికుండగా అవి అచ్చు కాలేదు. తర్వాత చరిత్ర రాసినవాళ్ళంతా వాటి మీదే ఆధారపడ్డారు. సమ్మె ఆలోచన ఎక్కడ పుట్టిందో ఆమె అందులో చెప్పింది. బార్బరా ఐదుగురు పిల్లల్లో పెద్దది. తండ్రి రాబర్ట్‌కి పొలం పని. తల్లి వయొలెట్‌కి వాషింగ్టన్‌లో ఉద్యోగం. చెల్లెలినీ తమ్ముళ్ళనీ లేపి, తయారుచేసి, బస్సు దగ్గరికి తోలే పని బార్బరాది. ఒకరోజు పొద్దున్న వాళ్ళని హడావిడిగా కొండ దింపి రోడ్డు దగ్గరికి తెచ్చేసరికి తన లంచ్ డబ్బా ఇంట్లోనే మర్చిపోయింది. మళ్ళీ కొండెక్కి తెచ్చుకునేలోగా బస్సు వచ్చింది, పిల్లల్ని ఎక్కించుకుని పోయింది. దారిన పోయే బండి ఏదైనా ఆపుతుందేమోనని రోడ్డు పక్కన నిలబడింది. ఓ గంట గడిచాక తెల్లపిల్లల బడి బస్సు సగం ఖాళీగా ఆమె ముందునుంచే వెళ్ళిపోయింది. ఆ బస్సు వాళ్ళ బడికి పోవాలంటే మోటన్ బడి ముందునుంచే పోవాలి. కానీ ఆమె ఎక్కడానికి లేదు. ఏదో ఒకటి చెయ్యాల్సిందే అని ఆ క్షణాన నిర్ణయించుకున్నానని రాసుకుంది.

ఈ ఘట్టాన్ని ఉదహరించనివాళ్ళు లేరు. కానీ అందరూ బస్సుని పట్టుకుంటారు, లంచ్ డబ్బాని వదిలేస్తారు. బస్సు జాతి వివక్షకి చక్కని సంకేతం, ఎవరైనా చూడగానే గుర్తుపట్టేది. మరి ఆమె ఆ రోడ్డు మీద ఒక్కతే ఎందుకు నిలబడింది? నలుగురు పిల్లలకి కావలసినవి అమర్చి తన తిండి మర్చిపోయింది కాబట్టి. ఇంట్లో పెద్దకూతురిగా పుట్టిన మనలో ఎవరికీ దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆమె చూసింది ఒక్క వివక్షే కావచ్చు, కానీ ఆ చూపు దొరికిన చోటు ఇంటి చాకిరీలోది. జాతి, జెండర్ ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయని మనం సిద్ధాంత వ్యాసాల్లో ఎంతో కష్టపడి రాస్తాం. ఆ పిల్ల దాన్ని ఒక పొద్దుటి పనుల వరసగా, ఏ వ్యాఖ్యానమూ లేకుండా రాసిపెట్టింది. ఈ ఘట్టం ప్రదర్శనకి మొదటి దృశ్యమై ఉంటే? కొండ, డబ్బా, ఖాళీ రోడ్డు. అక్కణ్ణుంచి వేదిక మీదికి వెళ్ళి ఉంటే కథ వేరే కథ అయ్యేది.

రెండో సంగతి టీచరుది. బడి పరిస్థితి గురించి బార్బరా మొదట మొరపెట్టుకుంది సంగీతం టీచరు ఇనెజ్ డావెన్‌పోర్ట్‌కి. నువ్వే ఏదైనా చెయ్యకూడదూ అని అడిగిందావిడ. ఒకే ఒక్క ప్రశ్న. బార్బరాకి మొదట అది మాట తప్పించడంలా అనిపించింది, కొన్నాళ్ళు పోయాక మనసులో నాటుకుంది. కౌంటీ దయమీద బతికే టీచరు అంతకన్నా బాహాటంగా ఏం అనగలదు? సమ్మె తర్వాత ప్రిన్సిపాల్ బోయిడ్ జోన్స్‌నే ఉద్యోగంలోంచి తీసేశారు. మామూలుగా బార్బరాని పరిచయం చేసేటప్పుడు మాత్రం వెర్నాన్ జాన్స్ సోదరుడి కూతురు అంటారు. ఆయన మోంట్‌గోమరీలో కింగ్ కన్నా ముందు అదే చర్చిలో పాస్టరు, నిప్పులు చెరిగే వక్త. సమ్మె తర్వాత ప్రాణభయంతో ఆమెని ఆయనింటికే పంపారు. ఆ ప్రభావం నిజమే, నేను కాదనను. కానీ ధైర్యానికి వంశవృక్షం గీసినప్పుడల్లా అది మగవాళ్ళ వైపే ఎందుకు పోతుంది? వెర్నాన్ జాన్స్ పుస్తకాల అల్మరా ఒకవైపు, టీచరమ్మ ప్రశ్న ఇంకోవైపు, ఉద్యోగానికి ఊరు దాటిన తల్లి మరోవైపు. ఇవన్నీ మ్యూజియంలోనో, దాని చుట్టూ వచ్చిన పుస్తకాల్లోనో దొరికే వివరాలే. లేవని కాదు నా ఫిర్యాదు. ఏది కర్త, ఏది విశేషణం అన్నదే.

ఇంకో పిల్ల ఉంది, చెల్లెలు జోన్. ఆమెకి ముందుగా ఏమీ తెలియదు. వేదిక మీద అక్కని చూసి బిత్తరపోయి, కుర్చీలో ఎంత కిందికి జారగలిగితే అంత కిందికి జారిపోయానని పెద్దయ్యాక చెప్పింది. ఆ హాల్లో కూర్చున్నప్పుడు నాకు ఎక్కువగా గుర్తొచ్చింది ఈమే. ఉద్యమ చరిత్రల్లో భయానికి చోటు తక్కువ. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకి నేర్పింది ఇదే కదా. తుపాకీ పట్టిన ఫోటో వెనక అడవిలో కాన్పు, వదిలేసి రావాల్సిన బిడ్డ, పోరాటం ఆగాక ఇంటికి పొమ్మన్న పార్టీ. ఆ పుస్తకం చదివినవాళ్ళకి ఏ మ్యూజియంలోనూ ఒంటరి వీరవనిత బొమ్మ దగ్గర ఆగిపోవడం కుదరదు.

ఇక బ్రౌన్ తీర్పు తర్వాతి గదులు. అక్కడ కథ వీరగాథగా సాగదు. మ్యూజియం గొప్పదనం కూడా అక్కడే ఉందని నా అభిప్రాయం. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ కలిపి చదివించమని కోర్టు గట్టిగా చెప్పేసరికి 1959లో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ బడులకి డబ్బే ఇవ్వనంది. ప్రభుత్వ బడులన్నిటికీ తాళాలు పడ్డాయి. ఒక్క ఏడాది కాదు, 5 ఏళ్ళు. తెల్లపిల్లలకి ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. సుమారు 1,700 మంది నల్లపిల్లలకి ఏమీ లేదు. పేద తెల్లపిల్లలు కొందరు కూడా చదువు పోగొట్టుకున్నారు. చర్చి నేలమాళిగల్లో స్త్రీలు పిల్లల్ని పోగేసి అక్షరాలు మర్చిపోకుండా చూశారు. కొందరు పిల్లల్ని క్వేకర్ల సంస్థ ఇతర రాష్ట్రాల్లో అపరిచితుల ఇళ్ళలో ఉంచి చదివించింది. బంధువుల ఊళ్ళకి పోయినవాళ్ళు పోయారు. చాలామంది ఎక్కడికీ పోలేదు. 1964 మేలో, గ్రిఫిన్ కేసులో, బడులు తెరవాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి ఏడేళ్ళ పిల్లకి పన్నెండేళ్ళు వచ్చాయి, పదమూడేళ్ళ పిల్లకి పద్దెనిమిది.

ఈ 5 ఏళ్ళని ఎలా ప్రదర్శిస్తారు? జరగని చదువుకి ఫోటో ఉండదు. రాయని పరీక్షకి మార్కుల కాగితం ఉండదు. ఉన్నవి జ్ఞాపకాలు, వృద్ధులైన ఆనాటి పిల్లల గొంతులు. 2003లో కౌంటీ వాళ్ళకి గౌరవ పట్టాలిచ్చింది. దాన్ని చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. సమ్మె కథ అరగంటలో చెప్పెయ్యొచ్చు, ఈ 5 ఏళ్ళ కథ ఒక్కో ఇంటికీ ఒక్కోటి. బడి లేని ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్లలు ఉంటే వాళ్ళని చూసేది ఎవరు? కూలికో ఇళ్ళల్లో పనికో పోయే తల్లి ఎవరికి అప్పజెప్పి పోయింది? పన్నెండేళ్ళ ఆడపిల్ల చిన్నవాళ్ళని చూస్తూ ఇంట్లో ఉండిపోతే, బడులు తెరిచాక ఆమె తిరిగి వచ్చిందా? ఈ ప్రశ్నలతో ఇంకో గది కట్టొచ్చు. సమ్మెకి ఒక బార్బరా దొరికింది కాబట్టి కథ దొరికింది. బడి పోయిన ఈడులో ఇంటిపనిలో మునిగిపోయిన పిల్లకి కథనరూపం ఏదీ సిద్ధంగా లేదు. వీరగాథ రూపం ఎవర్ని వదిలేస్తుందో ఈ గదుల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

బార్బరాకి కూడా ఆ రూపం పెద్దగా నచ్చలేదేమో అనిపిస్తుంది నాకు. స్పెల్‌మన్ కాలేజీలో చేరింది, పెళ్ళి చేసుకుంది, ఐదుగురు పిల్లల్ని పెంచింది, డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో చదువు పూర్తిచేసి ఫిలడెల్ఫియా బడుల్లో లైబ్రేరియన్‌గా పనిచేసింది. 1991లో చనిపోయింది. ఉద్యమ నాయకురాలిగా వేదికలెక్కలేదు. ఇది ఆమె జీవితంలో తగ్గుదల అన్నట్టు కొందరు రాస్తారు. పదహారేళ్ళకి చేసినదాన్ని జీవితాంతం మళ్ళీ మళ్ళీ చేస్తూ ఉండాలా? బడి లైబ్రరీలో పిల్లలకి పుస్తకాలు అందించడం ఆ సమ్మెకి కొనసాగింపుగా చదవడానికి ఏం అడ్డం?

2025 డిసెంబరులో అమెరికా పార్లమెంటు భవనంలో ఆమె కంచు విగ్రహం పెట్టారు. ఒక్కో రాష్ట్రానికి అక్కడ రెండు విగ్రహాలు. వర్జీనియా తరపున 1909 నుంచి జార్జి వాషింగ్టన్ పక్కన నిలబడింది బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది సేనాపతి రాబర్ట్ లీ. అతన్ని 2020 డిసెంబరులో తీసేశారు. ఆ స్థానంలోకి చిరిగిన పుస్తకాన్ని పైకెత్తి పట్టుకున్న పదహారేళ్ళ నల్లపిల్ల వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, అందులో దాపరికం లేదు. అయితే రిచ్‌మండ్‌లో 2008లో పెట్టిన పౌరహక్కుల స్మారకంలో బార్బరా ఒంటరి కాదు, తోటి విద్యార్థులూ ఇతరులూ చుట్టూ ఉన్నారు. రెంటిలో నాకు అదే ఇష్టం. పార్లమెంటులో ఒక్కరికే చోటు. ఒక్కరికే చోటుండటం ఆ స్థలం నియమం, ఆమె చరిత్ర కాదు.

అసలు ఈ భవనం ఎందుకు మిగిలింది? ఇది చాలామంది సందర్శకులు అడగని ప్రశ్న. 1953లో నల్లపిల్లలకి కొత్త హైస్కూలు కట్టాక ఇది ప్రాథమిక పాఠశాల అయింది. 1990ల్లో దాన్నీ మూసేశాక కౌంటీ అమ్మేసేదే. అడ్డుపడింది మార్తా ఇ. ఫారెస్టర్ కౌన్సిల్ ఆఫ్ విమెన్. ఊరి నల్లజాతి స్త్రీల సంఘం, 1920లో పుట్టింది. పిల్లలకి పై తరగతులు కావాలని, హైస్కూలు కావాలని వెంటపడి అడిగినవాళ్ళలో మొదటివాళ్ళు వీళ్ళే. అంటే ఈ భవనం రావడానికీ వాళ్ళే కారణం, పోకుండా ఆగడానికీ వాళ్ళే. విరాళాలు పోగుచేశారు, అర్జీలు రాశారు, కొన్నారు. 1998లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు వచ్చింది, సమ్మెకి 50 ఏళ్ళు నిండిన రోజున మ్యూజియం తలుపులు తెరిచారు. పాత బట్టలు మడతపెట్టి పెట్టెలో దాచే చేతులే చరిత్రని దాచాయి. దీన్ని స్త్రీల సేవ అని మెచ్చుకుని వదిలెయ్యడం నాకు ఇష్టం లేదు. ఏది నిలబడాలి, ఏది పోవాలి అని నిర్ణయించడం చరిత్రకారుల పని. ఆ పని చేసింది వాళ్ళు.

అందరి భవనాలకీ ఆ అదృష్టం లేదు. అమెరికాలో బానిసత్వం రద్దు చేసినవాళ్ళని గౌరవిస్తూ జోతిరావు ఫూలే తన 'గులాంగిరి'ని 1873లో వాళ్ళకి అంకితమిచ్చాడు. ఆయనా సావిత్రీబాయీ 1848లో ఆడపిల్లల బడి పెట్టిన పూణే భిడేవాడా ఎన్నో ఏళ్ళు శిథిలంగా కోర్టుల్లో నలిగి, 2023 డిసెంబరులో కూలిపోయింది. కూల్చింది అక్కడే స్మారకం కట్టడానికి. స్మారకం కట్టొచ్చు. సావిత్రీబాయి ఎక్కిన మెట్టు ఇక దొరకదు.

ఫార్మ్‌విల్‌లో మోటన్ బడికి కాస్త దూరంలోనే లాంగ్‌వుడ్ విశ్వవిద్యాలయం ఉంది. 1839లో ఆడపిల్లల విద్యాలయంగా పుట్టి, టీచర్లని తయారుచేసే కాలేజీగా పెరిగింది. సమ్మె జరిగిన రోజున అది స్త్రీల కాలేజీ. తెల్ల స్త్రీల కాలేజీ. వర్జీనియాలో స్త్రీవిద్యకి అదొక మైలురాయని ఏ చరిత్రలోనైనా రాస్తారు, నిజమే. అదే ఊళ్ళో ఇంకో స్త్రీవిద్య తారు కాగితం కింద తడుస్తోంది. బడులు మూసిన ఏళ్ళలో గట్టిగా నిలబడనందుకు లాంగ్‌వుడ్ పాలకమండలి 2014లో విచారం ప్రకటించింది. 2015 నుంచి మ్యూజియంతో కలిసి పనిచేస్తోంది. స్త్రీవిద్య అన్న ఏకవచనాన్ని నమ్మేవాళ్ళు ఈ రెండు భవనాల మధ్య ఒకసారి నడవాలి.

ఆ రెండు భవనాలనీ కలిపే ఒక మనిషి పేరు మేరీ బ్రాంచ్. 1881లో ఫార్మ్‌విల్‌లోనే పుట్టింది. వాళ్ళ కుటుంబం ఆ కాలేజీ అమ్మాయిల బట్టలు ఉతికేది. చిన్నప్పుడు ఆ కాలేజీలోనే పనిపిల్లగా చేరి, లైబ్రరీ శుభ్రం చేస్తూ పుస్తకాలు చదువుకుంది. విద్యార్థినిగా అందులో అడుగుపెట్టే హక్కు లేదు. తర్వాత టీచరై, 1930లో టెక్సస్‌లో టిలట్‌సన్ కాలేజీకి అధ్యక్షురాలై, మూతపడబోయే దాన్ని నిలబెట్టింది. 1953 తర్వాత ఈ ఎర్ర ఇటుకల భవనానికి పెట్టింది ఆమె పేరే, మేరీ ఇ. బ్రాంచ్ రెండవ నంబరు ప్రాథమిక పాఠశాల అని. మోటన్ పేరు కొత్త హైస్కూలుకి వెళ్ళింది. మోటన్ ఈ కౌంటీలో పెరిగి టస్కీగీ విద్యాసంస్థకి అధిపతి అయిన పెద్దమనిషి. భవనం మ్యూజియం అయినప్పుడు సమ్మెనాటి పేరు తిరిగి రావడం సబబే, అందులో కుట్రేమీ లేదు. కానీ ఈ గోడల మీద ఎక్కువ ఏళ్ళున్నది ఆ పేరు కాదు. 1959లో తాళం పడింది మేరీ బ్రాంచ్ పేరున్న బడికి. 1963 సెప్టెంబరులో విరాళాలతో ఫ్రీ స్కూళ్ళు తెరిస్తే, నాలుగేళ్ళ తర్వాత పిల్లలు పలకా పుస్తకం పట్టుకుని ఈ గదుల్లోకి తిరిగొచ్చింది కూడా మేరీ బ్రాంచ్ బడిలోకే.